పెరట్లో ఎలుక, పళ్ళెంలో కులం

(మన పనులు, మన చరిత్ర: 14వ భాగం)



ఈ ఆదివారం డప్పు గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. తప్పుతున్నా, మన్నించండి. మా అమ్మ పెరట్లో ఒక చావు జరిగింది. దానికి కారణం నేనే. దాని వెనక ఒక చరిత్ర ఉంది, అది ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందే ఉన్నా చూడలేదు. ముందు అది రాయాలి.

మాది నెల్లూరు జిల్లాలో ఒక మాలపల్లె. అమ్మ ఒక్కతే ఉంటుంది అక్కడ. ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు. ఒక మునగ చెట్టు, బీర పందిరి, రెండు వరసల వంగ మొక్కలు, మూలన కట్టెల మోపు, దాని పక్కన కోళ్ళ గూడు. ఆ పెరట్లో అమ్మతో పాటు ఆరు కోళ్ళు, ఒక పిల్లి, టైగర్ అనే నాటు కుక్క కాపురం చేసేవి.

ఈసారి వానలకి పెరట్లోకి పందికొక్కులు దిగాయి. వంగ మొదళ్ళు కొరికేశాయి. కోళ్ళ గూడు కింద నేలంతా తవ్వేశాయి. రెండు కోడిపిల్లల్ని ఎత్తుకుపోయాయి. అమ్మ ఫోన్ చేస్తే నేను టౌన్లో ఒక కొట్టుకెళ్ళి ఎలుకల మందు బిళ్ళలు కొన్నాను. "ఇంట్లో కుక్కుంది, పిల్లుంది, ఏం కాదుగా?" అని అడిగా. "ఎలకలే తింటాయి సార్, కుక్కలు ముట్టవు" అన్నాడు కొట్టతను. పుస్తకాలు చదివేవాణ్ణి, మీకు చదవమని చెప్పేవాణ్ణి. ఆ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు. కొబ్బరి చిప్పల్లో పెట్టి మునగ చెట్టు కింద ఒకటి, కట్టెల సందులో ఒకటి దోపి వచ్చేశాను.

నాలుగో రోజు టైగర్ అన్నం మానేశాడు. ఐదో రోజు చిగుళ్ళ నుంచి రక్తం. అమ్మ ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆటోలో వేసుకుని పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన నోరు తెరిచి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఎలుకల మందు పెట్టారా?" మందు తిన్న రోజే తెచ్చి ఉంటే విటమిన్ కె తో బతికేవాడన్నారు. ఆ రాత్రి టైగర్ పోయాడు.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. పెరటి చివర గుంత తీసి పూడ్చి వచ్చాక మాత్రం, "మీ నాయన ఉన్నప్పుడు యానాదోళ్ళని పిలిచేవాడు. ఒక్క పూటలో అయిపోయేది. ఇంకో ప్రాణం పోయేది కాదు" అంది.

ఈ భాగమంతా ఆ ఒక్క మాట మీదే.

మందు కథ

నేను పెట్టిన మందు పుట్టుక ఎలుకల దగ్గర కాదు, ఆవుల దగ్గర. 1920ల్లో అమెరికాలోని ఉత్తర డకోటాలో, కెనడాలో పశువులు వింతగా చచ్చిపోవడం మొదలైంది. కొమ్ములు కోస్తే రక్తం ఆగదు. చిన్న దెబ్బ తగిలినా లోపలే కారిపోయి చస్తాయి. పరిశోధించి చూస్తే, అవి మేసిన తీపి క్లోవర్ అనే గడ్డి తడికి బూజు పట్టి ఉంది. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు చచ్చిన పశువునీ, గడ్డకట్టని రక్తం నిండిన పాల క్యానునీ మంచులో బండి మీద వేసుకుని యూనివర్సిటీకి తెచ్చాడు. అక్కడి కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ళ తరబడి పనిచేసి, 1940 నాటికి ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఏమిటో తేల్చింది. దాని దారిలోనే తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చింది. ఆ పరిశోధనకి డబ్బు పెట్టిన విస్కాన్సిన్ సంస్థ పేరులోని తొలి అక్షరాలే ఆ మందు పేరయ్యాయి. కొన్నేళ్ళకే అదే మందుని మోతాదు కట్టి గుండె జబ్బు మనుషులకి కూడా ఇవ్వడం మొదలుపెట్టారు.

ఎలుక అనుమానపు ప్రాణి. కొత్త తిండి కొంచెం రుచి చూసి ఆగుతుంది. తిన్న వెంటనే ఒళ్ళు తిరిగితే మళ్ళీ దాని జోలికి పోదు. అందుకే రోజుల తర్వాత చంపే మందు కంపెనీలకి కావాలి. తిన్నది దేనివల్ల చస్తుందో ఎలుకకి తెలియకూడదు. ఇంతలో వార్ఫరిన్‌కి లొంగని ఎలుకలు పుట్టుకొచ్చాయి. 1958లో స్కాట్లండ్‌లో మొదట బయటపడ్డాయి. అప్పుడు ఇంకా గట్టి మందులు తయారుచేశారు. మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా అమ్మే బ్రోమాడయోలోన్ ఆ రెండో తరానిది. ఒక్కసారి తింటే చాలు. చచ్చిన ఎలుక కాలేయంలో ఆ మందు ఉండిపోతుంది. ఆ ఎలుకని పిల్లి తింటే పిల్లికి, కుక్క తింటే కుక్కకి, గుడ్లగూబ తింటే గుడ్లగూబకి చేరుతుంది. టైగర్ బిళ్ళే తిన్నాడో, బిళ్ళ తిన్న ఎలుకని తిన్నాడో నాకు తెలియదు. రెండు దారులూ తెరిచింది మాత్రం నేనే.

దీనికంటే పాతది జింక్ ఫాస్ఫైడ్. కడుపులో ఆమ్లం తగలగానే విషవాయువు పుట్టి గంటల్లో చంపుతుంది. దానికి విరుగుడే లేదు. పసుపు భాస్వరం పేస్టుకీ విరుగుడు లేదు. ఆ పేస్టు పేరు వింటే మన పల్లెల్లో ఎలుక కంటే ముందు మనుషులు గుర్తొస్తారు. ఎవరెవరు గుర్తొస్తారో మీకూ తెలుసు.

కుక్కలూ పిల్లులూ ఉన్న మిత్రులు ఇది గుర్తుపెట్టుకోండి. మందు తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాలు కనబడేదాకా ఆగొద్దు. బ్రోమాడయోలోన్ లాంటివి మూడు నుంచి ఐదు రోజులు పైకి ఏమీ చూపించవు. పాలు, నూనె పోసి చూద్దామని ఆలస్యం చెయ్యొద్దు. మందు ప్యాకెట్ చేత్తో పట్టుకుని అదే గంటలో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏ మందో తెలిస్తేనే ఏ వైద్యమో తెలుస్తుంది.

తాత వచ్చాడు

పక్క ఊరి చెరువు కట్ట కింద యానాదుల గుడిసెలున్నాయి. వారం తర్వాత నేనే వెళ్ళాను. డెబ్బై దాటిన ఒక తాత వస్తానన్నాడు. పేరు రాయనా అని అడిగితే వద్దన్నాడు, రాయడం లేదు.

"తాతా, మీరు పొద్దున్నే వస్తారా?" అన్నా. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరో ఉన్నారనుకున్నాడు. "మీరు" అన్నది తననే అని అర్థమయ్యాక నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

ఎందుకో చెప్తాను. ఊళ్ళో పెద్ద కులం పిల్లోడు మా తాతని "ఒరే" అని పిలిచేవాడు. అది విని మా నాయన తరం రగిలిపోయింది, సంఘం పెట్టింది, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద ధర్నా చేసింది. అదే వాడలో పదేళ్ళ నేను, అరవై ఏళ్ళ యానాది మనిషిని "ఒరే" అని పిలిచాను. మా ఇంట్లో కూడా యానాదుల కోసం ఒక గ్లాసు విడిగా చూరులో పెట్టి ఉండేది. "ఎలికలు తినేవోళ్ళు" అనే మాట నేను బడిలో నేర్చుకోలేదు, మా వాడలోనే నేర్చుకున్నా. కులం నిచ్చెన మెట్ల లాంటిదని, పై మెట్టు తన్నినవాడు కింది మెట్టుని తన్నడం నేర్చుకుంటాడని బాబాసాహెబ్ చెప్పింది సభల్లో ఎన్నోసార్లు చెప్పాను. మా ఇంటి చూరులో గ్లాసు గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఈరోజు చెప్తున్నా.

తాత సాయంత్రమే ఒకసారి వచ్చి పెరడంతా తిరిగాడు. చేతిలో ఏమీ లేదు. తడి మట్టి తీసి కనిపించిన ప్రతి బొక్కనీ మూశాడు. నేను లెక్కపెట్టాను, పదకొండు. "పొద్దున చూద్దాం అబ్బయ్యా" అని వెళ్ళిపోయాడు. తెల్లారి చూస్తే నాలుగు బొక్కలు మళ్ళీ తెరుచుకుని ఉన్నాయి. "ఈ నాలుగే కాపరం. మిగతావి పాడుబడ్డ ఇళ్ళు" అన్నాడు.

వ్యవసాయ శాఖ ఎలుకల నివారణ పాఠంలో ఈ పద్ధతి ఉంది. మొదటి రోజు బొరియలన్నీ మూయాలి, మర్నాడు తెరుచుకున్నవే సజీవ బొరియలు, వాటిలోనే మందు పెట్టాలి అని. బడి మొహం చూడని తాతకి తన తాత నేర్పిందీ ఇదే. పాఠంలో ఉంటే శాస్త్రం, తాత చేతిలో ఉంటే యానాది పని.

పేరు తీసుకున్నారు

పందికొక్కు అనే మన తెలుగు మాట నుంచే ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట పుట్టింది. పంది లాంటి కొక్కు అని. ఆ జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు బాండికోటా. ఆస్ట్రేలియాలో దీనితో ఏ సంబంధమూ లేని ఒక సంచి జంతువుకి కూడా తెల్లవాళ్ళు అదే పేరు తగిలించారు. అంటే మన పొలం గట్టు మీద పుట్టిన మాట ప్రపంచమంతా తిరిగింది. ఆ జంతువు ఎక్కడ తవ్వుతుందో, ఎన్ని దారులు పెడుతుందో, గింజ ఏ అరలో దాస్తుందో తెలిసిన మనుషుల పేరు మాత్రం పోలీసు రిజిస్టర్‌లోకి ఎక్కింది.

ఇది అలంకారానికి అన్న మాట కాదు. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఎరుకలతో పాటు యానాదుల్లో కొన్ని గుంపుల్ని కూడా ఆ జాబితాలో పెట్టారు. పుట్టుకతోనే దొంగ. ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. అదే యానాది రాత్రి రైతు పంటకి కాపలా. పగలు రైతు గట్టు తవ్వి ఎలుకలు పట్టేదీ ఆయనే. కూలి ఏమిటి? చాలా చోట్ల దొరికిన ఎలుకలే కూలి. ఆ బొక్కలో పందికొక్కు దాచుకున్న గింజలే కూలి. రైతు పొలంలో పోయిన గింజని తవ్వి తీసి తింటే అది కూలో, దొంగతనమో రైతు ఇష్టాన్ని బట్టి ఉండేది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే విముక్త జాతులు ఆ రోజుని పండగ చేసుకుంటాయి. నెల్లూరుకి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు, ఆ చట్టం రద్దుకి పోరాడారు, యానాదుల మీద పుస్తకం రాశారు. అంతకు ముందు 1909లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. వాటిలోనూ యానాదులున్నారు. మంచి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు అని గుంపులుగా విడదీసి రాశాడు. గమనించండి, అందరూ యానాదుల గురించి రాసినవాళ్ళే. నేను కూడా ఇప్పుడు చేస్తున్నది అదే. ఈ లోపం నాకు తెలుసు.

శ్రీహరికోట యానాదుల నేల. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. రాకెట్ కేంద్రం కోసం వాళ్ళు ఆ దీవి నుంచి కదలాల్సి వచ్చింది. పాఠ్యపుస్తకంలో రాకెట్ ఉంది, వాళ్ళు లేరు.

ప్లేగు రోజుల్లో

ఎలుకని చూసే సర్కారు కన్ను ఎలాంటిదో తెలియాలంటే ప్లేగు రోజులకి వెళ్ళాలి. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు క్రిమిని గుర్తించాడు. 1896లో ప్లేగు బొంబాయి చేరింది. ధాన్యం గోదాములున్న మాండ్వీ ప్రాంతంలో మొదట బయటపడింది. గోదాములు వ్యాపారులవి, ఎలుకలు పెరిగింది వాళ్ళ ధాన్యం మీద. సోదాలు, బలవంతపు తరలింపులు, ఇళ్ళు కూల్చడాలు ఎక్కువగా మీద పడింది మాత్రం ఇరుకు ఇళ్ళ పేదల మీద. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. కరోనా కాలంలో మళ్ళీ బయటికి తీసింది అదే చట్టం.

1897 పూణే అనగానే పాఠ్యపుస్తకాలు ర్యాండ్‌నీ, అతన్ని చంపిన చాపేకర్ సోదరుల్నీ చెప్తాయి. మనం ఆ ఏడాది ఇంకొకరిని తలుచుకోవాలి. సావిత్రిబాయి ఫూలే, కొడుకు యశ్వంత్‌తో కలిసి ఊరి బయట ప్లేగు రోగులకి ఆస్పత్రి నడిపింది. ముండ్వా మహర్‌వాడ నుంచి ఒక పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చి, తనకూ ప్లేగు సోకి, 1897 మార్చి 10న కన్నుమూసింది. ఎవరి ఒంటిని ముట్టుకోవడానికి ఊరు భయపడుతుందో ఆ ఒంటినే ఆమె మోసింది.

మరుసటి ఏడాది, 1898లో, కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టర్ గాజు జాడీలో ఎలుకల్ని పెట్టి, ప్లేగుని మోసేది ఎలుక ఒంటి మీది చిన్న పురుగు అని చూపించాడు. కొన్నేళ్ళ దాకా పెద్దలెవరూ నమ్మలేదు. కానీ హిమాలయాల్లో గఢ్వాల్, కుమావూ పల్లెల జనం అంతకు చాలా ముందే, ఇళ్ళలో ఎలుకలు రాలిపడితే ఊరు ఖాళీ చేసి కొండల మీదికి పోయేవారు. జాడీ వాళ్ళ దగ్గర లేదు. చూసే కన్ను ఉంది.

ఇంకో కథ 1902 నాటి హనోయ్‌ది. ఫ్రెంచి దొరలు తమ పేటల కింద కొత్త మురుగు కాలవలు కట్టారు. ఎలుకలకి అవి మేడలయ్యాయి. వియత్నాం కూలీల్ని కాలవల్లోకి దింపి చంపించారు. సరిపోక, తోక తెస్తే డబ్బులన్నారు. తోకలు కుప్పలుగా వచ్చాయి. తర్వాత చూస్తే ఊరినిండా తోక లేని ఎలుకలు తిరుగుతున్నాయి. తోక కోసి వదిలేస్తే అది మళ్ళీ పిల్లల్ని పెడుతుంది, మళ్ళీ తోకలొస్తాయి. ఊరి బయట కొందరు ఎలుకల్ని పెంచడం కూడా మొదలుపెట్టారు. దొరలు దీన్ని మోసం అన్నారు. నాకు మాత్రం లెక్క సరిగ్గానే అనిపిస్తుంది. పని తెలిసినవాడికి పనికి తగ్గ కూలి ఇవ్వకుండా తోకకింత అని కడితే, అతను తోకలే తెస్తాడు.

ఎవరి లెక్కలో ఎవరు లేరు

మన దగ్గరికి వద్దాం. గోదావరి, కృష్ణా, పెన్నా డెల్టాల్లో వరికి ఎలుక పెద్ద శత్రువు. పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో ఎలుకల మీద పరిశోధన జరిగింది. సామూహిక ఎలుకల నివారణ పేరుతో ఊరూరా మందు పంచారు. 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ బ్రోమాడయోలోన్ మందు కలిపి, పొట్లాలు కట్టి, బొక్కల్లో వేయడం. రైతులంతా ఒకేసారి చేస్తే ఎలుక పక్క పొలానికి పారిపోదు అనేది అందులో మంచి ఆలోచన. పంట పోయిన చిన్న రైతు బాధని నేను తక్కువ చేయడం లేదు.

నా ప్రశ్న వేరు. తాత మా పెరట్లో అన్న మాట నుంచి వచ్చింది అది. నాలుగు బొక్కల్లో రెండింటిని తవ్వి, రెండు పెద్ద పందికొక్కుల్ని కొట్టాడు. "తీసుకుపోతారా తాతా?" అని అడిగా. తల అడ్డంగా తిప్పాడు.

"మందు పెట్టిన పెరట్లో ఎలికని మేం తినం అబ్బయ్యా. ఇంట్లో పిల్లోళ్ళుండారు."

నేను కదల్లేకపోయాను. టైగర్‌కి జరిగింది పిల్లలకి జరగవచ్చని ఆయనకి తెలుసు. ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ ప్యాకెట్ వెనకా తెలుగులో రాసి లేదు, అయినా తెలుసు. పొలాల్లో మందు పొట్లాలు పడ్డాక గట్టు మీది ఎలుక ఆయనకి తిండి కాకుండా పోయింది. "అంతకు ముందు వారానికి రెండు మూడు సార్లు కూర. ఇప్పుడు ఏ పొలంలో ఏం పెట్టారో అడిగి అడిగి పట్టాల" అన్నాడు. పొలంలో మందు వేసేటప్పుడు కోళ్ళని కట్టేసుకోమని, కుక్కల్ని కట్టేసుకోమని ఊళ్ళో చాటింపు వేస్తారు. ఆ ఎలుకల్ని తిని బతికే మనుషులున్నారని ఆ చాటింపులో ఎక్కడుంది?

పెరట్లో తాత చేసింది

కుక్కా పిల్లీ కోళ్ళూ ఉన్న పెరట్లో మందు లేకుండా ఏం చేయాలో తాత చేసి చూపించాడు. పొగ కుండ తేలేదు. పొలం గట్టు మీద అయితే చిల్లు పెట్టిన కుండలో ఎండుగడ్డి కుక్కి, నిప్పు వేసి, బొక్కకి ఆనించి నోటితో ఊదుతారు. మిగతా దారులు మూసి, వదిలిన ఒక దారి దగ్గర కర్రతో కాచుకుంటారు. ఇక్కడ కోళ్ళ గూడు కింద బొక్క ఉంది కనుక పొగ వద్దన్నాడు. కోళ్ళు ఉక్కిరిబిక్కిరవుతాయి.

అందుకని గునపంతో తవ్వాడు. తవ్వే ముందు ఒక్కో బొక్కకీ రెండో నోరు ఎక్కడుందో వెతికి రాయి పెట్టాడు. తవ్విన చోట ఇటుక ముక్కలు, గాజు పెంకులు కలిపి మట్టి దిమ్మిస వేశాడు. మిగతా రెండు బొక్కల కోసం ఇనప బోనులు పెట్టించాడు. బోను గోడకి ఆనించి పెట్టాలి, ఎందుకంటే ఎలుక నడి వాకిట్లో నడవదు, గోడ పట్టుకుని నడుస్తుంది. ఎండు చేప ముక్క కాల్చి లోపల కట్టాడు. మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి ఉంచమన్నాడు. "తిని పోనీ. బోనంటే బెదురు పోవాల. నాలుగో రాత్రి కట్టు విప్పు." అలాగే చేశాం. నాలుగో రాత్రి ఒకటి, ఐదో రాత్రి ఒకటి పడ్డాయి. పగలు బోను మూసేసి ఉంచమన్నాడు, పిల్లి తల దూరుస్తుందని.

తర్వాత అమ్మని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. "ఎలిక నీ వంకాయ కోసం రాలేదమ్మా. కుక్క గిన్నెలో మిగిలిన అన్నం కోసం వచ్చింది. కోళ్ళకి చల్లిన నూకల కోసం వచ్చింది. వంకాయ దోవలో ఉంది." పొద్దు గూకే లోపల కుక్క, పిల్లి గిన్నెలు కడిగి బోర్లించాలి. నూకలు కోళ్ళు తిన్నంతే వేయాలి, బస్తా మూతున్న డబ్బాలో ఉండాలి. కట్టెల మోపు నేలకి మూరెడు ఎత్తున రాళ్ళ మీద ఉండాలి. గూడు అడుగున వేలు దూరని ఇనప జల్లెడ కొట్టాలి. పిల్లి చుంచుల్ని పడుతుంది కానీ పెద్ద పందికొక్కు మీదికి పోదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. జిగురు అట్టలు అసలు వద్దు, కోడిపిల్ల అతుక్కుంటుంది, పాము అతుక్కుంటుంది.

నేను కలుపుతున్నది ఒక్కటే. చచ్చిన ఎలుకని వట్టి చేత్తో పట్టుకోవద్దు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో నిలబడితే కాలి పుండు ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం సోకుతుంది. కుక్కలకీ వస్తుంది, వాటికి టీకా ఉంది. వరి మడిలో చెప్పుల్లేకుండా దిగే కూలీకీ, మురుగులో దిగే మన సఫాయి అన్నకీ టీకా సంగతి అటుంచండి, బూట్లు లేవు.

పొగడ్త వద్దు

ఇక్కడ మిత్రులు కొందరు, ఎంత గొప్ప ఆదివాసీ జ్ఞానం, దీన్ని కాపాడాలి అని రాస్తారు. ఆగండి. నోటితో పొగ కుండ ఊది ఊది తాత ఊపిరితిత్తులు పాడయ్యాయి. మాట్లాడితే దగ్గు. బొక్కలో చెయ్యి పెడితే పాము ఉండొచ్చు, ఆయన తమ్ముడు అలాగే పోయాడు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మహర్లతో చచ్చిన పశువు మాంసం మానెయ్యండి, అవమానపు పనులు వదలండి అన్నాడు. ఆ మాట వదిలేసి ఎలుకలు పట్టే పనిని మ్యూజియంలో పెట్టి పొగిడితే మనం కూడా ఇంకోరకం పెత్తందార్లం అవుతాం.

బీహార్‌లో ముసహర్ అనే దళిత కులం ఉంది. ఆ పేరులోనే ఎలుక తిండి ఉంది. ఆ కులం నుంచి రాళ్ళు కొట్టే కూలీ భగవతీ దేవి 1996లో గయ నుంచి లోక్‌సభకి వెళ్ళింది. జీతన్ రాం మాంఝీ 2014లో ముఖ్యమంత్రి అయ్యాడు. అయినా ఎలుక తిండి అనే ఎగతాళి ఆ కులాన్ని వదల్లేదు. తిండిని బట్టి మనిషిని తక్కువ చేసేవాళ్ళకి ఆ మనిషి ఏ కుర్చీ ఎక్కినా తేడా కనబడదు.

మరి దారేది? రెండు ఉదాహరణలు చెప్తా. తమిళనాడులో ఇరులుల కోసం, నోటితో ఊదే కుండ బదులు చేత్తో తిప్పే ఇనప పొగ యంత్రం తయారుచేశారు. పని అదే, జ్ఞానం అదే, ఊపిరి మాత్రం దక్కుతుంది. రెండోది, 2018లో కేరళ కుర్రాళ్ళు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబో తయారుచేశారు. మనిషి దిగక్కర్లేదు. దాని పేరేమిటో తెలుసా? బాండికూట్. మన పందికొక్కే. మురుగులో దిగి చస్తున్నది ఎక్కువగా మనవాళ్ళే కనుక ఆ పేరు చదివి నాకు ఒళ్ళు జలదరించింది. మనిషిని చంపే పనిలో యంత్రం దిగాలి. మనిషికి తెలివి ఉన్న పనిలో మనిషికి జీతం ఉండాలి. ఆ పని చేయాలా, మానాలా అన్నది యానాది కుర్రాడే తేల్చుకోవాలి. బడికి పోవడానికి దారీ, వేరే ఉద్యోగానికి దారీ తెరిచి ఉంటేనే ఆ తేల్చుకోవడానికి అర్థం.

కూలి ఎంత అని అడిగితే తాత, "నీ ఇష్టం అబ్బయ్యా, ఎంతో కొంత" అన్నాడు. ఆ "ఎంతో కొంత"లో నూరేళ్ళ వెట్టి ఉంది. మా ఊళ్ళో కరెంటు పనికి వచ్చే అతను అర పూటకి ఎనిమిది వందలు తీసుకుంటాడు, బేరమాడం. తాతకి అదే ఇచ్చాను. లెక్కపెట్టి, "ఎక్కువ ఇచ్చావే" అన్నాడు. లేదు తాతా, ఇది మీ పని ఖరీదు అన్నా.

అమ్మ టీ తెచ్చింది. మేం తాగే స్టీలు గ్లాసులోనే తెచ్చింది. తాత అరుగు మీద కూర్చుని తాగి, పాత అలవాటుకి గ్లాసు కడగడానికి తొట్టి దగ్గరికి లేచాడు. అమ్మ గ్లాసు లాక్కుంది. "నేను కడుక్కుంటాలే అన్నా, కూర్చో" అంది. అమ్మ ఒక యానాది మనిషిని "అన్నా" అని పిలవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి.

విద్యార్థి మిత్రులకి ఒక పని. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊళ్ళో ఎలుకలు పట్టేవాళ్ళెవరో అడగండి. వాళ్ళకి ఇచ్చే కూలి ఎంతో అడగండి. మీ ఇంట్లో వాళ్ళని ఏమని పిలుస్తారో, ఏ గ్లాసులో నీళ్ళిస్తారో గమనించండి. మన ఇళ్ళు మినహాయింపు కాదు. వాళ్ళు ఒప్పుకుంటేనే వాళ్ళ మాటలు రాయండి, రాసింది వాళ్ళకి చదివి వినిపించండి. ఈ భాగం నేను తాతకి మొన్న చదివి వినిపించాను. ఒక్క చోట దిద్దాడు. "రెండు పందికొక్కులు కాదబ్బయ్యా, ఒకటి పందికొక్కు, ఇంకోటి ఎలికే. తోక చూడలేదా?" అన్నాడు. పైన అలాగే ఉంచాను, నాకు తెలియనిది ఆయనకి తెలుసు అని మీకూ తెలియాలని.

వచ్చే ఆదివారం డప్పు. ఈసారి మాట తప్పను.

జై భీమ్.